మాటకి మెమో: క్యాంపస్ సభలూ, అనుమతులూ, దళిత అధ్యాపకులూ

2000 సంవత్సరంలో ఉస్మానియా యూనివర్శిటీ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి రాజనీతి శాస్త్ర విభాగంలో పనిచేస్తున్న కంచ ఐలయ్యకి ఒక ఉత్తరం వెళ్లింది. ఆయన డెక్కన్ క్రానికల్ పత్రికలో ఆధ్యాత్మిక ఫాసిజం గురించి ఒక వ్యాసం రాశాడు. ఇలాంటి రాతలు సమాజంలో ఉన్న దురభిప్రాయాల్ని ఇంకా పెంచుతాయనీ, వృత్తి మర్యాదకి లోబడి రాయాలనీ ఆ ఉత్తరం సారాంశం. చాలామంది మేధావులు దాన్ని ఖండించారు. భావప్రకటనా స్వేచ్ఛ మీద దాడి అన్నారు. అది నిజమే, మేం కాదనడం లేదు. కానీ ఒక్క మాటతో ఖండించి ఆ ఉత్తరాన్ని మడతపెట్టి పక్కన పెట్టెయ్యడం వల్ల అందులో ఉన్న అసలు విద్య మన కంటపడకుండా పోయింది.

వ్యాసానికి జవాబు వ్యాసం. చరిత్ర ఆచార్యుడో, సంస్కృత ఆచార్యుడో ముందుకొచ్చి ఐలయ్య చెప్పింది తప్పని రాసుంటే అదొక చర్చ అయ్యేది. ఎవరి వాదనలో పస ఎంతుందో చదివినవాళ్లు తేల్చుకునేవాళ్లు. ఇక్కడ జవాబిచ్చింది ఆచార్యుడు కాదు, రిజిస్ట్రారు. రిజిస్ట్రారు చేతిలో ఉండేది వాదన కాదు, సర్వీసు ఫైలు. కులం గురించి దళిత బహుజన అధ్యాపకుడు చెప్పిన మాట ఆఫీసు గుమ్మంలోకి వచ్చేసరికి మాటగా ఉండదు, నడవడికగా మారిపోతుంది. మాటకైతే జవాబు చెప్పాలి. నడవడికకైతే మెమో ఇస్తే సరిపోతుంది. ఈ మార్పిడి ఎలా జరుగుతుంది, ఎవరి విషయంలో జరుగుతుంది, ఎవరి విషయంలో జరగదు అన్నదే ఈ వ్యాసంలో మేం పరిశీలించదలచుకున్నది.

ఎవరి విషయంలో జరగదో ముందు చూద్దాం. ఆ ఉత్తరం వెళ్లిన మరుసటి ఏడాదే, 2001లో, యూనివర్శిటీ గ్రాంట్స్ కమిషన్ జ్యోతిషాన్ని శాస్త్రంగా గుర్తించి యూనివర్శిటీల్లో కోర్సులు పెట్టడానికి పూనుకుంది. హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెళ్లాడు. 2004లో సుప్రీంకోర్టు యూజీసీ పక్షానే తీర్పు చెప్పింది. పుట్టిన ఘడియ చూసి మనిషి తలరాత చెప్పడం దురభిప్రాయాల్ని పెంచడం కాలేదు, సిలబస్ అయింది. పుట్టుక చూసి మనుషుల తలరాతలు రాసిన వ్యవస్థ ఇదీ అని చెప్పిన వ్యాసం మాత్రం నడవడిక లోపం అయింది! ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే మన యూనివర్శిటీల్లో స్వేచ్ఛ గురించి ఎంత మాట్లాడినా గాల్లో మాట్లాడినట్టే.

ఇక సభల సంగతి. క్యాంపస్‌లో ఒక సభ పెట్టాలంటే ఏం చెయ్యాలో మన విద్యార్థులందరికీ తెలుసు. ముందు దరఖాస్తు రాయాలి. దాని మీద విభాగాధిపతి సంతకం కావాలి. అక్కడ్నుంచి స్టూడెంట్స్ వెల్ఫేర్ డీన్ దగ్గరకి, ఆయన దగ్గర్నుంచి సెక్యూరిటీ ఆఫీసరు దగ్గరకి, హాలు తాళాలున్న సెక్షన్ దగ్గరకి. వక్త ఎవరు, బయటివాడా లోపలివాడా, ఏం మాట్లాడతాడు, ఎంతమంది వస్తారు, బ్యానర్ మీద ఏం రాస్తారు, అన్నీ చెప్పాలి. ఈ దారిలో ఎక్కడా ఎవరూ కాదని రాయరు. ఇది గమనించాల్సిన విషయం. కాదని రాస్తే కారణం రాయాలి, కారణం రాస్తే అది కాగితమవుతుంది, కాగితమైతే కోర్టుకెళుతుంది. అందుకని నోటితో చెబుతారు: చూద్దాం, సారు మీటింగులో ఉన్నారు, పరీక్షలు దగ్గరపడుతున్నాయి, హాలు రిపేరులో ఉంది, మైకు పని చెయ్యడం లేదు. సభ జరగాల్సిన రోజు సాయంత్రానికి ఆ దరఖాస్తు ఇంకా ఏదో ఒక బల్ల మీదే ఉంటుంది.

అదే దసరా వచ్చిందనుకోండి. పరిపాలనా భవనంలో ప్రతి సెక్షన్లో ఆయుధపూజ జరుగుతుంది. టైపు మిషన్ల కాలంలో టైపు మిషన్లకి బొట్లు పెట్టారు, ఇప్పుడు కంప్యూటర్లకి పెడుతున్నారు. యూనివర్శిటీ బస్సుల ముందు గుమ్మడికాయలు పగులుతాయి. హాస్టళ్లలో వినాయకుడి పందిళ్లు లేస్తాయి. వీటికి దరఖాస్తు ఎవరు రాశారు? విభాగాధిపతి సంతకం ఎవరు పెట్టించారు? వక్త ఎవరని ఎవరడిగారు? ఇవి వాళ్ల లెక్కలో సభలు కావు, సంస్కృతి. గాలి పీల్చడానికి అనుమతి అక్కర్లేనట్టే వీటికీ అక్కర్లేదు. మేం వినాయకుడి పందిళ్లు తీసెయ్యమనడం లేదు. అనుమతి అనేది అందరికీ ఒకే కొలత అని పరిపాలన వాళ్లు చెప్పే మాట అబద్ధం అంటున్నాం, అంతే.

అంబేద్కర్ జయంతి సంగతేమిటని కొందరు మిత్రులు అడగొచ్చు. నిజమే, ఇప్పుడు వైస్‌చాన్సలర్లు కూడా వచ్చి విగ్రహానికి దండ వేస్తున్నారు. దండకి అనుమతి అక్కర్లేదు. దండ వేసిన చేత్తోనే ఆయన పుస్తకం తెరిచి, అందులో రాసింది ఈ క్యాంపస్‌కి ఎలా వర్తిస్తుందో మాట్లాడదామంటే అప్పుడు కావాలి. మద్రాసు ఐఐటీలో జరిగింది అదే గదా. 2014లో పెట్టుకున్న అంబేద్కర్-పెరియార్ స్టడీ సర్కిల్ మీద పేరు లేని ఒక ఫిర్యాదు కేంద్ర మంత్రిత్వ శాఖకి చేరింది, మంత్రిత్వ శాఖ దాన్ని ఐఐటీకి పంపింది, 2015 మేలో ఐఐటీ ఆ సంఘానికి గుర్తింపు తీసేసింది. కారణం ఏం చెప్పారు? సంస్థ పేరుని అనుమతి లేకుండా వాడుకున్నారట. వాళ్లు కరపత్రంలో ఏం రాశారన్న చర్చే లేదు. మళ్లీ మాట పోయి నడవడిక వచ్చింది. దేశమంతా గొడవ కావడంతో జూన్‌లో గుర్తింపు తిరిగి ఇచ్చారు.

ఈ అనుమతి పద్ధతి కొత్తదేం కాదు. 1936లో లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు తమ వార్షిక మహాసభకి అధ్యక్షత వహించమని అంబేద్కర్‌ని పిలిచారు. కులం పోవాలని కోరుకున్న సంఘమే అది. కానీ ఉపన్యాసం ముందే చూశారు. చూసి, ఫలానా భాగాలు బాగాలేవు, తీసెయ్యండి అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. మహాసభే రద్దు చేసుకున్నారు. ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. పదిహేను వందల కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. కులనిర్మూలన అని మనం చదువుకుంటున్న పుస్తకం నిజానికి జరగని సభలో చెయ్యని ఉపన్యాసం. మన మేధో సంప్రదాయంలో ఇంత పెద్ద గ్రంథం ఒక హాలు దొరకకపోవడం నుంచి పుట్టిందన్న సంగతి మర్చిపోగూడదు. ఇంకో సంగతి కూడా. అక్కడ అడ్డుపడినవాళ్లు సనాతనులు కాదు, సంస్కర్తలు. వాళ్లకి అంబేద్కర్ అధ్యక్షుడిగా కావాలి, ఆయన మాట మాత్రం తాము దిద్దిన తర్వాత కావాలి. మన క్యాంపస్‌లలో కొందరు ప్రగతిశీల ఆచార్యుల వైఖరి ఈనాటికీ ఇంతకంటే ముందుకి రాలేదు.

సభ అంటే ఉపన్యాసమే కానక్కర్లేదు. 2012 ఏప్రిల్ 15న, అంబేద్కర్ జయంతి మర్నాడు, ఉస్మానియా క్యాంపస్‌లో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకున్నారు. మా పల్లెల్లో, మాలగూడేల్లో మాదిగగూడేల్లో తినే తిండి హాస్టలు మెస్సులో ఎందుకుండదు అన్నది వాళ్లు వేసిన ప్రశ్న. ఆ ప్రశ్నని వాళ్లు వ్యాసంగా రాయలేదు, వండి వడ్డించారు. ఏబీవీపీ వాళ్లు అడ్డుకున్నారు. రాళ్లు పడ్డాయి, ఒక విద్యార్థికి కత్తిపోటు తగిలింది. ఆ తర్వాత యూనివర్శిటీ భాషంతా శాంతిభద్రతల భాషే. తినడాన్ని నిషేధించే చట్టం ఈ రాష్ట్రంలో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా 2015 డిసెంబరు 10న మళ్లీ పండగ చేసుకుంటామంటే యూనివర్శిటీ అనుమతి ఇవ్వనంది, వ్యవహారం కోర్టుకెళ్లింది, పోలీసులు క్యాంపస్ గేట్లు మూసి విద్యార్థుల్ని ముందుగానే పట్టుకుపోయారు. డిసెంబరు 10 మానవ హక్కుల దినమని గుర్తు చెయ్యడం తప్ప దీని మీద మేం చెప్పేదేం లేదు.

ఇక్కడ మా ప్రగతిశీల మిత్రులు తడబడ్డారు. సినిమా ఆపితే భావప్రకటన అంటారు, సెమినార్ ఆపితే విద్యా స్వేచ్ఛ అంటారు, కూర వండుకుంటే మాత్రం ఇది రెచ్చగొట్టడం కాదా, వేరే రూపం ఎంచుకోవచ్చు గదా అన్నారు. రూపం! అక్షరం మీద వేల ఏళ్లు పెత్తనం చేసినవాళ్లు మాట అంటే అక్షరమే అనుకుంటారు. డప్పు మాట కాదా? చావుకీ పెళ్లికీ జాతరకీ, ఊరంతటికీ కబురు చెప్పింది డప్పే గదా. మా తాతలు ఊరి మధ్యకి నోరు తెచ్చుకోలేక డప్పు తెచ్చుకున్నారు. తిండీ అంతే. దాన్ని మాటగా గుర్తించకపోవడం, మాట్లాడే హక్కు ఎవరికుందో ముందే తేల్చెయ్యడం అవుతుంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీ దగ్గరకి వస్తే ఈ విషయం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడి కథ కూడా ఒక క్యాంపస్ కార్యక్రమంతోనే మొదలైంది. 2015 ఆగస్టు మొదట్లో ఢిల్లీలో ముజఫర్‌నగర్ అల్లర్ల మీద తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనని ఏబీవీపీ వాళ్లు ఆపారు. దాన్ని ఖండిస్తూ అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఇక్కడ నిరసన తెలిపింది. యాకూబ్ మెమన్ ఉరి మీద కూడా వాళ్లు సభ పెట్టారు, ఉరిశిక్షే వద్దన్నారు. ఇవన్నీ మాటలు. ఏకీభవించనివాళ్లు ఇంకో సభ పెట్టుకోవచ్చు. కానీ ఏం జరిగింది? ఏబీవీపీ నాయకుడితో జరిగిన వాదులాట కొట్లాట కేసయింది. కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల మంత్రికి ఉత్తరం రాశాడు. అక్కడి నుంచి యూనివర్శిటీకి వరసగా ఉత్తరాలొచ్చాయి. చివరికి అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులకి పడిన శిక్ష ఏమిటో చూడండి: క్లాసులకి రావచ్చు, హాస్టల్లో ఉండకూడదు, పరిపాలనా భవనంలో అడుగు పెట్టకూడదు, ఉమ్మడి స్థలాల్లో గుంపుగా కనబడకూడదు, విద్యార్థి ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదు. ఇది క్రమశిక్షణ కాగితమా, ఊరి పెద్దలు చావిట్లో కూర్చుని చెప్పిన తీర్పా? బావి దగ్గరకి రావద్దు, రచ్చబండ ఎక్కొద్దు, పనికి మాత్రం రా అన్నట్టే గదా ఇది.

ఆ కాగితం అర్థం ఆ పిల్లలకి వెంటనే తెలిసింది. 2016 జనవరి మొదటివారంలో పరుపులు, అంబేద్కర్ పటం మోసుకొచ్చి షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర డేరా వేసి, దానికి వెలివాడ అని పేరు పెట్టారు. మా దృష్టిలో ఈ దేశంలో యూనివర్శిటీ పరిపాలన మీద వచ్చిన విమర్శల్లో దీన్ని మించింది లేదు. ఆఫీసు భాషలో దాక్కున్న ఊరి భాషని ఒక్క మాటతో బయటికి లాగారు. జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. తర్వాత సంగతులు అందరికీ తెలిసినవే. ఎనిమిదేళ్లకి, 2024 మేలో, పోలీసులు కోర్టులో పెట్టిన ముగింపు నివేదిక రోహిత్ దళితుడే కాడన్న వాదనతో నిండిపోయింది. గొడవ కావడంతో మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. వెలి వేసిన కాగితం సంగతి వదిలేసి వెలి పడినవాడి కులం సర్టిఫికెట్ వెతకడం, దాని గురించి వేరే వ్యాసమే రాయాలి.

మా వ్యాసం అధ్యాపకుల గురించి. ఆ రోజుల్లో అక్కడి దళిత అధ్యాపకుల పరిస్థితిని మన ఉద్యమ పత్రికలు కూడా తగినంతగా పట్టించుకోలేదని మా అభిప్రాయం. 2016 జనవరిలో అప్పటి కేంద్రమంత్రి స్మృతి ఇరానీ విలేకరుల ముందు, ఈ శిక్షలో దళిత ఆచార్యుడి పాత్ర కూడా ఉంది గనక ఇది దళితులకీ దళితేతరులకీ మధ్య గొడవ కాదనే వాదన చేసింది. మర్నాడే యూనివర్శిటీలోని ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు, ఆఫీసర్ల ఫోరం దాన్ని ఖండించింది. నిర్ణయం తీసుకున్న కమిటీకి పెద్ద దళితుడు కాడని చెప్పి, తమ చేతుల్లో ఉన్న పరిపాలనా బాధ్యతలు వదులుకుంటామని ప్రకటించింది. ఈ ఘటనలో ఉన్న నొప్పి ఏమిటో యూనివర్శిటీల్లో పని చేస్తున్న మన వాళ్లకే తెలుస్తుంది.

దళిత అధ్యాపకుడు వార్డెన్ ఎందుకవుతాడు? కమిటీల్లో ఎందుకు కూర్చుంటాడు? కమిటీలో ఎస్సీ, ఎస్టీ ప్రతినిధి ఒకరుండాలన్న నిబంధన చాలాచోట్ల ఉంది గనక, ఉన్న ఒకరిద్దరు మనుషులే పది కమిటీల్లో తిరగాలి. 2010 యూజీసీ నిబంధనల తర్వాత ప్రమోషన్‌కి పాయింట్లు లెక్కపెట్టారు, పరిపాలనా బాధ్యతలకీ పాయింట్లుండేవి. పైగా, లోపల మనవాడొకడుంటే పిల్లలకి మంచిదని మనమే పంపిస్తాం. తీరా అక్కడ కూర్చున్నాక ఆయన మాట మినిట్స్‌లోకి ఎక్కదు, ఆయన సంతకం మాత్రం ఎక్కుతుంది. రేపు గొడవైతే ఆ సంతకం తీసి చూపిస్తారు: మీ వాడే ఒప్పుకున్నాడు. ఇది పాత వెట్టికి కొత్త రూపం. ఊళ్లో వెట్టి మాదిగ చేతే సాటి మాదిగ ఇంటికి చాటింపు వేయించేవాళ్లు. కబురు దొరది, గొంతు మనది. హైదరాబాద్ ఫోరం వాళ్లు పదవులు వదిలేస్తామని అన్నప్పుడు వాపసు తీసుకున్నది ఆ గొంతునే. వాళ్లని త్యాగమూర్తుల్ని చెయ్యడం మా ఉద్దేశం కాదు. అప్పటిదాకా ఎందుకు ఆగారని విద్యార్థులు అడిగితే ఆ ప్రశ్నకీ విలువుంది. ఆ శిక్ష కాగితం మీద ఎవరి చేతులున్నాయో ఆ పిల్లలు చూశారు.

మార్చి 22న సెలవులో ఉన్న వైస్‌చాన్సలర్ అప్పారావు తిరిగి వచ్చాడు. నిరసన, లాఠీచార్జి, అరెస్టులు. పాతికమంది విద్యార్థులతో పాటు రాజనీతి శాస్త్రం చెప్పే కె.వై. రత్నాన్ని, గణితం చెప్పే తథాగత్ సేన్‌గుప్తాని చెర్లపల్లి జైలుకి పంపారు. క్యాంపస్‌లో మెస్సులు మూతపడ్డాయి, నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. బెయిలొచ్చేసరికి దాదాపు వారం. ఇక నిబంధన ఎలా పనిచేసిందో చూడండి. ప్రభుత్వోద్యోగి ఎవరైనా 48 గంటలకి మించి కస్టడీలో ఉంటే సస్పెండయినట్టే లెక్క అని సర్వీసు నియమాల్లో ఉంది. లంచం తీసుకుని దొరికినవాడికైనా, పిల్లల పక్కన నిలబడినవాడికైనా ఒకటే లెక్క. ఆ నియమం చూపించి జూన్‌లో ఇద్దర్నీ సస్పెండ్ చేశారు. నిరసనలు రావడంతో తర్వాత ఎత్తేశారు. వాళ్లు ఆ రోజు ఏం చెప్పారు, ఎందుకక్కడున్నారు అన్న విచారణ దీనికి అవసరమే లేదు. గడియారం చాలు.

ఒక చిన్న మాట చెప్పి ముందుకెళ్తాం. ఈ యూనివర్శిటీ పుట్టిందెలా? తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది, అందులో ఒకటి హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం. దానికోసం రాజ్యాంగంలో ఒక అధికరణమే చేర్చారు. విద్యార్థులు క్లాసులు మానేసి వీధుల్లోకి రాకపోతే ఆ క్యాంపస్సే లేదు. అలాంటి చోట నిరసన క్రమశిక్షణా రాహిత్యం అయింది.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల నడవడిక నియమాలు 1964 నాటివి. నిరసనల మీద ఒక నియమం, పత్రికలతో సంబంధాల మీద ఒకటి, ప్రభుత్వాన్ని విమర్శించడం మీద ఒకటి. గుమాస్తా ఫైలులోని రహస్యం బయటపెట్టకూడదన్న ఆలోచనతో పుట్టిన నియమాలివి. గుమాస్తా పని ఫైలు కాపాడటం. అధ్యాపకుడి పని ఫైలు విప్పి చూపించడం. ప్రభుత్వ విధానాన్ని విమర్శించకుండా రాజనీతి శాస్త్రం ఎలా చెబుతారు? కులాన్ని విమర్శించకుండా సమాజ శాస్త్రం ఎలా చెబుతారు? అయినా ఈ నియమాల్ని యూనివర్శిటీలకి తగిలించే పని గట్టిగానే జరుగుతోంది. జేఎన్‌యూలో 2018 జులైలో ఒకరోజు నిరసనలో పాల్గొన్నందుకు ఏడాది తర్వాత 48 మంది అధ్యాపకులకి ఈ నియమాల కిందే చార్జిషీట్లు ఇచ్చారు. నిజానికి 1962లోనే కామేశ్వర ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు, సమ్మె హక్కు వేరు గానీ, ప్రభుత్వోద్యోగులు ఏ రకమైన ప్రదర్శనా చెయ్యకూడదని నిషేధించడం చెల్లదని చెప్పింది. మన అధ్యాపక మిత్రులు మెమో అందుకున్న రోజున ఈ కేసు పేరైనా గుర్తుంచుకుంటే మేలు.

సభ పెట్టిన అధ్యాపకుల మీద పడటం ఒక్క హైదరాబాదుకే పరిమితం కాదు. 2016 సెప్టెంబరులో హర్యానా కేంద్ర విశ్వవిద్యాలయంలో మహాశ్వేతాదేవి కథ ద్రౌపదిని నాటకంగా వేయించినందుకు అక్కడి ఇంగ్లీషు అధ్యాపకులు విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో జోధ్‌పూర్‌లో నివేదితా మీనన్‌ని సెమినార్‌కి పిలిచినందుకు నిర్వాహకురాలైన అధ్యాపకురాల్ని సస్పెండ్ చేశారు. వక్త మాట్లాడి రైలెక్కి వెళ్లిపోతుంది. పిలిచినవాళ్లు ఉద్యోగం చేసుకోవాలి గనక దెబ్బ వాళ్ల మీద. తర్వాత ఎవరు ఎవర్ని పిలుస్తారు? ద్రౌపది కథలో ఉన్నది సంతాల్ స్త్రీ అన్న విషయాన్ని అప్పటి ఖండనల్లో ఎంతమంది రాశారో మాకు కనబడలేదు. సైన్యానికి అవమానం జరిగిందా లేదా అన్న దాని మీదే వాదన నడిచింది. ఆదివాసీ స్త్రీ మీద అత్యాచారం ఆ వాదనలో కూడా పక్కకి పోయింది.

ఇప్పటిదాకా ఎదుటివాళ్ల సంగతి. ఇప్పుడు మన సంగతి. ఇది రాయకపోతే ఈ వ్యాసం రాసే అర్హత మాకుండదు.

2012 మేలో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో ఉన్న ఒక పాత కార్టూన్ మీద గొడవ లేచింది. 1949లో శంకర్ వేసిన కార్టూన్ అది. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్, వెనక కొరడాతో నెహ్రూ. మనలో చాలామందికి ఆ బొమ్మ చూసి కడుపు మండింది. మండటంలో తప్పు లేదు. కొరడా బొమ్మ మనకి కొరడాగానే కనబడుతుంది, మా ముత్తాతల వీపుల మీద ఉన్నది బొమ్మ కాదు. అది క్లాసులో చూపిస్తే అగ్రకుల పిల్లలు ఎవరి వైపు చూసి నవ్వుతారో కూడా మాకు తెలుసు. కానీ మనం ఏమడిగాం? ఆ బొమ్మ గురించి క్లాసులో మాట్లాడే అవకాశం అడగలేదు, తీసెయ్యమన్నాం. పార్లమెంటు క్షణంలో ఒప్పుకుంది. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే మనకి అనుమానం రావాల్సింది! పుస్తకానికి సలహాదారులైన సుహాస్ పల్షికర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. పూనా యూనివర్శిటీలో పల్షికర్ ఆఫీసు మీద మన పేరు చెప్పుకునేవాళ్లే దాడి చేశారు. తర్వాత వేసిన కమిటీ, రాజకీయ నాయకుల మీదున్న ఇంకెన్నో కార్టూన్లు కూడా తియ్యమంది. మన మంట మీద వాళ్లు చలి కాచుకున్నారు.

ఈ విషయంలో మా బృందంలోనే రెండభిప్రాయాలున్నాయి. అవమానించే మాట మాట కాదు, దెబ్బ, దానికి స్వేచ్ఛ ఏమిటి అని కొందరం అంటాం. కులం పేరుతో తిట్టడాన్ని చట్టం నేరమన్నది అందుకే. ఆ మాటకి మేమందరం కట్టుబడి ఉన్నాం. అయితే తిట్టుకీ, మనకి నచ్చని చిత్రానికీ తేడా లేదంటే, రిజిస్ట్రారు ఉత్తరానికీ మన డిమాండ్‌కీ కూడా తేడా ఉండదు. మనోభావాలు అన్న కొలత పెట్టుకుంటే మనకంటే వాళ్ల మనోభావాలే ఎప్పుడూ ఎక్కువ బరువు తూగుతాయి, ఎందుకంటే తక్కెడ వాళ్ల చేతిలోనే ఉంది. అందుకని ఎవరి మనసు నొచ్చింది అన్న దాని కంటే, నొచ్చినవాడికి అదే గదిలో లేచి నిలబడి జవాబు చెప్పే వీలుందా అన్నది చూడాలని మాలో ఎక్కువమంది అభిప్రాయం. కులం తిట్టు మనిషిని గదిలోంచి బయటికి నెడుతుంది. దానికి జవాబు చెప్పేలోగా గది మూసుకుంటుంది. కార్టూన్ విషయంలో గది తెరిచే ఉంది. దళిత టీచరు ఆ బొమ్మని క్లాసులో పెట్టి ఒక గంట పాఠం చెప్పుండేవాడు. ఆ పాఠాన్ని మనమే పోగొట్టుకున్నాం. మాతో ఏకీభవించని మిత్రులు రాయాలి, ఇదే పత్రికలో.

ఇక చివరగా మాకు జరిగిన ఒక సంగతి. కాలేజీ పేరు చెప్పం, ఇప్పటికీ మన పిల్లలు అక్కడ చదువుతున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014 ఏప్రిల్ 22న హైకోర్టు కొట్టేసి అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు మీద చర్చ పెడదామని అక్కడి దళిత లెక్చరర్ ఒకాయన, మాలో ఇద్దరం కలిసి హాలు అడిగాం. రెండు వారాలు తిరిగాం. ఫ్యాన్లు పాడయ్యాయన్నారు. ఫ్యాన్లు లేకపోయినా ఫర్వాలేదు, మా ఊళ్లో అలవాటే అన్నాం. అనుకున్న రోజు హాలుకి తాళం వేసుంది. మర్నాడు అదే హాల్లో ఒక స్వామీజీ వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసం ఇచ్చాడు, ఫ్యాన్లన్నీ తిరిగాయి. మేం హాలు వెనక వేపచెట్టు కింద కూర్చున్నాం. నలభైమంది దాకా వచ్చారు, ఎక్కువమంది హాస్టలు పిల్లలు. ఒకమ్మాయి తీర్పులో ఏముందో అడిగింది. సాక్షుల మాట కోర్టు ఎందుకు నమ్మలేదో లెక్చరర్ వివరించి చెప్పాడు. గంటన్నర. మైకు లేదు, నినాదాలు లేవు.

వారానికి ఆయనకి మెమో వచ్చింది. పనివేళల్లో, అనుమతి లేకుండా, కళాశాల ఆవరణలో సమావేశం జరిపినందుకు నడవడిక నియమాల కింద చర్య ఎందుకు తీసుకోకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. చుండూరు అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ రాత్రి ఆయన ఇంట్లో కూర్చుని మేం జవాబు రాశాం. నాలుగు పేజీలు రాశాం, రాజ్యాంగం, సుప్రీంకోర్టు, అన్నీ పెట్టాం. ఆయన భార్య టీ తెచ్చి పెడుతూ, ఇంత రాస్తే వాళ్లు చదువుతారా అన్నయ్యా అనడిగింది. ఆయన నవ్వి ఆ నాలుగు పేజీలూ పక్కన పెట్టి, తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాశాడు: నేను ఏ నియమం ఉల్లంఘించానో ఆ నియమం నంబరు, ప్రతి ఇప్పించగలరు. ఆ హాలుని మర్నాడు స్వామీజీకి ఇచ్చిన దరఖాస్తు ప్రతి కూడా ఇప్పించగలరు.

రెండింటిలో ఏదీ రాలేదు. మెమో మాత్రం ఆయన ఫైల్లోనే ఉంది, ప్రమోషన్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు బల్లకి అవతల కూర్చున్నవాళ్లు ముందు తెరిచింది ఆ పేజీనే.